అప్‌డేట్: తిరుపతి పోటీకి జడ్జీలు దొరికారు

ఆటిజం, డౌన్ సిండ్రోమ్ లాంటివి ఉన్నవాళ్లకి పాట, డాన్స్ పోటీ పెడుతున్నాం, జడ్జీలుగా ఎవరిని పిలవాలని అడిగాను కదా. టీవీ ఆర్టిస్టును పిలిస్తే జనం వస్తారని చాలామంది అన్నారు. వస్తారు, సెల్ఫీలు దిగి వెళ్తారు కూడా. అందుకే వద్దనుకున్నాం.

ఎస్వీ సంగీత, నృత్య కళాశాలలో చదువుకున్న ఒక టీచర్, ఒక స్పెషల్ ఎడ్యుకేటర్ (ఇలాంటి పిల్లలకి చదువు చెప్పే టీచర్) ఒప్పుకున్నారు. మూడో జడ్జి డౌన్ సిండ్రోమ్ ఉన్న డప్పు కళాకారుడు. ఈ సలహా ఇచ్చిన అక్కకి థ్యాంక్స్.

అసలు టెన్షన్ మార్కుల దగ్గరే. అన్నమయ్య కీర్తనలో శ్రుతి తప్పితే మార్కు తగ్గిస్తానని టీచర్ పట్టుబట్టారు. జాలితో వేసే మార్కు తనకి నచ్చదట. పాడేవాళ్లు మధ్యలో ఆగినా, చెవులు మూసుకున్నా, అమ్మ మొదటి లైన్ అందించినా తగ్గించకూడదని ఎడ్యుకేటర్ వాదన. చివరికి రెండూ రూల్సులో పెట్టేశాం. మేధో వైకల్యం ఉన్నవాళ్లకి పెట్టే ఆటల పోటీలు స్పెషల్ ఒలింపిక్స్‌లో వయసు, సామర్థ్యం చూసి గ్రూపులు చేస్తారు. మేమూ అదే పద్ధతి తీసుకున్నాం, కాబట్టి ఎనిమిదేళ్ల పాపకీ ముప్పై ఏళ్లాయనకీ పోటీ ఉండదు.

టైమ్ అయిందని కొట్టే బెల్ తీసేశాం. ఆటిజం ఉన్న చాలామందికి హఠాత్తుగా వచ్చే శబ్దం పడదు. బదులు డప్పు అన్న పచ్చ కార్డు ఎత్తుతాడు. ఆ పని తనకే కావాలని ముందే చెప్పేశాడు.

టీచర్ శిష్యురాలు ఒకమ్మాయి కూడా పేరిచ్చింది. ఆ అమ్మాయి గ్రూపుకి మాత్రం టీచర్ మార్కులు వేయరు.