రోలాఁ బార్త్: సాహిత్య విద్వాంసుడా, మీడియా పరిశోధకుడా?

ప్రశ్న
నేను ఫ్రెంచి ఎం.ఏ. విద్యార్థిని. పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి నాటకకర్త రాసీన్ నాటకాలపై ఫ్రెంచి విమర్శకుడు రోలాఁ బార్త్ (1915–1980) రాసిన పుస్తకం చదువుతున్నాను. ఆయనే కుస్తీ పోటీల మీద, వాణిజ్య ప్రకటనల మీద, ఫ్యాషన్ పత్రికల మీద కూడా రాశారని విన్నాను. సాహిత్యాన్ని వదిలి మీడియా వైపు వెళ్లిపోయారా? డాక్టరేట్ లేకుండానే పారిస్‌లోని ప్రతిష్ఠాత్మక విద్యాసంస్థ కొలేజ్ ద ఫ్రాన్స్‌లో ఆచార్యులయ్యారన్నది నిజమేనా? పెద్దలు తెలియజేయగలరు.

జవాబు 1
వదిలి వెళ్లారనడానికి తేదీలు ఒప్పుకోవండీ. కుస్తీ మీద, సబ్బు పొడి ప్రకటనల మీద రాసిన వ్యాసాలు 'మితొలొజీ' పేరుతో 1957లో పుస్తకంగా వచ్చాయి. రాసీన్ పుస్తకం 1963లో వచ్చింది. ఆ మరుసటి ఏడే 'కొమ్యునికాసియోఁ' పత్రికలో పాంజానీ పాస్తా ప్రకటనపై వ్యాసం అచ్చయింది. ఆ ప్రకటనలో ప్రధానంగా ఉన్నది సగం తెరిచిన వల సంచీ, అందులోంచి తొంగిచూసే పాస్తా పొట్లాలు, టమాటాలు, ఉల్లిపాయలు, క్యాప్సికం. అప్పుడే సంతనుంచి తెచ్చిన తాజాదనం ఎలా తోస్తుందో, టమాటాలు, క్యాప్సికం, బొమ్మలోని రంగులు, బ్రాండు పేరు కలిసి 'ఇటలీతనాన్ని' ఎలా పుట్టిస్తున్నాయో బార్త్ ఒక్కొక్కటిగా విప్పి చూపుతారు. ఆ ఇటలీతనం ఫ్రెంచివాళ్ల ఊహలోనిదే తప్ప ఇటలీవాళ్లకు అంతగా తట్టదని చేర్చడం నాకు అన్నిటికన్నా నచ్చిన మాట. పద్యాన్ని పదం పదంగా చదివే అలవాటు లేనివారు ఇలా రాయలేరు.

జవాబు 2
డాక్టరేట్ సంగతి నిజమే. క్షయ వ్యాధి ఆయన యౌవనాన్ని శానిటోరియంల పాలు చేయడంతో విశ్వవిద్యాలయ ఉద్యోగానికి దారితీసే మామూలు మెట్లు తప్పిపోయాయి. బుకారెస్ట్‌లో, అలెగ్జాండ్రియాలో పాఠాలు చెప్పి పారిస్‌కు తిరిగి వచ్చారు. పారిస్ విశ్వవిద్యాలయమైన సోర్బాన్‌కు వెలుపల ఉన్న పరిశోధన సంస్థ ఎకోల్ ప్రాతిక్ దెజోత్ ఎత్యూద్ ఆయనకు చోటిచ్చింది. 1960లో సమాజశాస్త్రవేత్త జార్జ్ ఫ్రీడ్‌మన్ అక్కడ సమాచార మాధ్యమాల అధ్యయన కేంద్రాన్ని నెలకొల్పినప్పుడు మరో సమాజశాస్త్రవేత్త ఎడ్గార్ మోరాఁతో పాటు బార్త్ కూడా అందులో ఉన్నారు. సోర్బాన్ ఆచార్యుడు రేమోఁ పికార్ 1965లో ఆయనను దుయ్యబట్టింది రాసీన్ పుస్తకం గురించే కానీ ప్రకటనల గురించి కాదు. మరుసటి ఏడు బార్త్ పుస్తకంతోనే బదులిచ్చారు. చివరకు తత్వవేత్త మిషెల్ ఫూకో ప్రతిపాదనతో కొలేజ్ ద ఫ్రాన్స్‌కు ఎన్నికై 1977 జనవరి 7న ప్రారంభోపన్యాసం చేశారు. ఆ పీఠం పేరు 'సాహిత్య సంకేతశాస్త్రం' (సంకేతాలు అర్థాన్ని ఎలా కలిగిస్తాయో పరిశీలించేది సంకేతశాస్త్రం).

ప్రశ్న అడిగినవారు
ధన్యవాదాలండీ. మరి ఫ్యాషన్ పుస్తకం సంగతేమిటి? అందులోనైనా సాహిత్యం లేదనుకోవచ్చా?

జవాబు 1
డాక్టరేట్ కోసం మొదలుపెట్టిన పని అదే. సిద్ధాంత గ్రంథంగా ముగియక 1967లో పుస్తకంగా వెలువడింది. నిజం చెప్పాలంటే చదవడానికి గట్టి ఓపిక కావాలి, నా దృష్టిలో ఆయన పుస్తకాల్లో అన్నిటికన్నా పొడిది. కానీ ఆయన అందులో పరిశీలించింది బట్టలను కాదు, ఫొటోలను కూడా కాదు. 1958–59 నాటి 'ఎల్', 'జార్దాఁ దె మోద్' పత్రికల్లో ఆ దుస్తులను వర్ణిస్తూ అచ్చువేసిన వాక్యాలను పరిశీలించారు.