ఇన్వర్టరుకు ఫ్రిజ్‌ను కలపవచ్చా?

ప్రశ్న (వేలచ్చేరి, చెన్నై)

అందరికీ నమస్కారం. మేము కింది అంతస్తులో ఉంటున్నాము. 900 వీఏ (ఇన్వర్టరు మోయగల భారం) సైన్‌వేవ్ ఇన్వర్టరు, 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, అంటే బ్యాటరీ నిల్వ సామర్థ్యం) ట్యూబులర్ బ్యాటరీ మీద రెండు ఫ్యాన్లు, నాలుగు ఎల్‌ఈడీ దీపాలు, వైఫై రూటరు నడుస్తున్నాయి. మా అత్తగారి ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉంటుంది కాబట్టి దాన్ని కూడా కలపాలనుకుంటున్నాము. వైరింగు మార్చనక్కరలేదని, రెండు చివరలా ప్లగ్గు బిగించిన వైరుతో ఇన్వర్టరును గోడ సాకెట్టుకు కలిపితే ఇల్లంతా కరెంటు వస్తుందని ఒక ఎలక్ట్రీషియను చెప్పారు. ఇది క్షేమమేనా?

సమాధానం (తాంబరం)

ఆ వైరును ఎట్టి పరిస్థితిలోనూ వాడకండి. దాని ఒక చివర సాకెట్టులోంచి ఊడితే, బయట కనిపించే పిన్నుల్లో 230 వోల్టులు ఉంటాయి. అంతకంటే పెద్ద ప్రమాదం వీధిలో ఉంది: మెయిన్ స్విచ్ ఆపకపోతే మీ ఇన్వర్టరు కరెంటు మీటరు దాటి బయటి లైనులోకి వెళ్లి, సరఫరా ఆగిందన్న నమ్మకంతో స్తంభమెక్కిన లైన్‌మ్యాన్ ప్రాణం తీయగలదు. అసలు కరెంటు తిరిగి వచ్చిన క్షణంలో ఇన్వర్టరు కూడా కాలిపోతుంది. ఇన్వర్టరుకు విడిగా ఫేజు, విడిగా న్యూట్రలు వేయించండి. న్యూట్రలు ఉమ్మడిగా ఉంటే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను ఆపే రక్షణ స్విచ్) ఊరికే ట్రిప్ అవుతూ ఉంటుంది, విసిగిపోయి దాన్ని తీసేయించేవారిని కూడా చూశాను, అది మరీ ప్రమాదం.

సమాధానం (పెరంబూరు)

ఫ్రిజ్ నడిచేటప్పుడు 150 వాట్ల దగ్గర తీసుకున్నా, కంప్రెసరు మొదలయ్యే క్షణంలో దానికి కొన్ని రెట్లు లాగుతుంది. 900 వీఏ యంత్రం అప్పుడే ఓవర్‌లోడుతో ఆగిపోవచ్చు. బ్యాటరీ లెక్క కూడా చూడండి. బ్యాటరీ 12 వోల్టులను దాని 150 ఏహెచ్‌తో గుణిస్తే 1800 వాట్ అవర్లు వస్తాయి గానీ, బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేయకపోవడం దాని ఆయుష్షుకు మంచిది కాబట్టి 900 మాత్రమే లెక్కలోకి తీసుకోండి. మీ ఫ్యాన్లు, దీపాలు, రూటరు కలిపి 200 వాట్లయితే నాలుగు గంటలకు మించి రావు. తలుపు తెరవకుండా ఉంచితే ఫ్రిజ్ కూడా దాదాపు నాలుగు గంటలు చల్లగానే ఉంటుంది కనుక, మామూలు కోతలకు కలపవలసిన పని లేదు. వాడుకలో ఉన్న ఇన్సులిన్‌ను బయట ఎన్నాళ్లు, ఎంత వేడిలో ఉంచవచ్చో మీ డాక్టరుగారిని అడిగి పెట్టుకోండి. గీజరు, ఇస్త్రీపెట్టె, ఇండక్షన్ స్టవ్ మాత్రం ఎన్నడూ కలపవద్దు.

ప్రశ్న అడిగినవారు

చాలా కృతజ్ఞతలండీ. ఆ వైరు పెట్టించము. బ్యాటరీ ఇప్పుడు పూజగది పక్కన, తలుపులున్న అలమారాలో నేల మీదే ఉంది. అలా ఉండవచ్చా?

సమాధానం (తాంబరం)

వెంటనే మార్పించండి. ఛార్జింగులో బ్యాటరీ నుంచి హైడ్రోజను వస్తుంది. గాలిలో 4 శాతం చేరితే చాలు, దీపం వత్తి నుంచి అంటుకుంటుంది. గాలి ఆడే చోట, వేలచ్చేరి వరద నీరు చేరే ప్రాంతం కాబట్టి నేలకు బాగా ఎత్తుగా కట్టిన దిమ్మ మీద పెట్టించండి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను నీళ్లు మీ ప్రాంతంలో ఎంత ఎత్తున నిలిచాయో ఇరుగుపొరుగుకు గుర్తుండే ఉంటుంది, ఆ గుర్తుకు పైన ఉండాలి. వరద వస్తుందనగానే, నీరు లోపలికి రాకముందే ఇన్వర్టరు స్విచ్ ఆపేయండి, ఎందుకంటే వీధిలో సరఫరా నిలిపివేసినా మీ సాకెట్లలో ఇన్వర్టరు కరెంటు ఉంటుంది. నీరు చేరిన తరువాత దాన్ని ఆపడానికి ఎవరూ గదిలో అడుగుపెట్టవద్దు.