క్లాండన్ పార్క్: మార్బుల్ హాల్ గచ్చు కప్పు మళ్లీ పోయాలా, మొండిగోడలు అలాగే ఉంచాలా?

దూలం_వాసం:
ఇంగ్లండ్‌లో సర్రే కౌంటీలోని క్లాండన్ పార్క్ మీద చర్చ మొదలుపెడుతున్నాను. వెనిస్ వాస్తుశిల్పి జాకొమో లియోనీ నమూనాతో ఆన్‌స్లో కుటుంబం 1730 ప్రాంతంలో కట్టుకున్న ఎర్ర ఇటుక భవనం ఇది. 1956 నుంచి పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ సంస్థ చేతిలో ఉంది. 2015 ఏప్రిల్ 29న నేలమాళిగలో కరెంటు డిస్ట్రిబ్యూషన్ బోర్డు దగ్గర పుట్టిన మంట లిఫ్టు గుంట గుండా పైకప్పుకు ఎక్కింది. స్పీకర్స్ పార్లర్ అనే గది ఒక్కటే దాదాపు చెక్కుచెదరకుండా బయటపడింది. 2016లో కింది అంతస్తు ముఖ్య గదులను తిరిగి కడతామని ట్రస్ట్ చెప్పింది. 2022లో నిర్ణయం మార్చుకుని, భవనానికి పైకప్పు వేసి లోపల మొండిగోడలనే చూపిస్తామంది.

నేను దీనికి ఒప్పుకోను. భవనంలోకి అడుగుపెట్టగానే వచ్చే మార్బుల్ హాల్ పొడవు, వెడల్పు, ఎత్తు తలా 40 అడుగులు. ఆ ఘనం కొలతకు తగ్గట్టే అర్తారీ, బగుత్తీ అనే కళాకారులు గచ్చుపని, అంటే సున్నంతో బొమ్మలు మలిచే పని చేశారు. కప్పు అంచున కూర్చున్న బొమ్మల కాళ్లు కార్నిస్ (గోడ, కప్పు కలిసేచోట ముందుకు పొడుచుకొచ్చిన అంచు) దాటి గాలిలోకి వేలాడేవి. అది లేకపోతే మిగిలేది ఎత్తైన ఇటుక డబ్బా. వెస్ట్ ససెక్స్‌లోని అప్‌పార్క్ భవనం 1989 ఆగస్టులో కాలితే 1995 కల్లా తిరిగి తెరిచారు. చేత్తో సున్నం బొమ్మలు మలిచే పనితనం ఇంగ్లండ్‌లో మళ్లీ బతికింది అక్కడే. అక్కడ చేసింది ఇక్కడ ఎందుకు కుదరదు?

ఇటుక_వరస:
దూలం_వాసం గారూ, రెండు మంటలూ ఒకటి కావు. అప్‌పార్క్‌లో పైన సీసం రేకుల పని జరుగుతుండగా నిప్పు అంటుకుని కిందికి దిగింది. ఆలోపు కింది గదుల సామాను చాలావరకు బయటికి మోసేశారు, గోడల మీది పని కూడా చెప్పుకోదగ్గంత నిలిచింది. అతకడానికి అసలు ముక్కలు ఉన్నాయి. క్లాండన్‌లో మంట కిందినుంచి పైకి పోయింది, అంతస్తులన్నీ కూలి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. పాత కట్టడాల పరిరక్షణ మీద రాసుకున్న 1964 వెనిస్ చార్టర్ తొమ్మిదో నిబంధన ప్రకారం ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగాలి. బొమ్మ ముందువైపు ఎలా ఉండేదో ఫొటో చెబుతుంది. తొడ వెనక ఎంత లోతు తవ్వారో, వేలు ఎంత మందమో చెప్పదు. అర్తారీ పేరు పెట్టి మన ఊహను కప్పుకు అంటించినట్టవుతుంది.

పైగా నార్తంబర్లండ్‌లో సీటన్ డెలవల్ హాల్ చూడండి. వాస్తుశిల్పి వాన్‌బ్రూ కట్టిన ఆ భవనం నడిమి భాగం 1822లో కాలింది. మసిబారి, అవయవాలు విరిగిన గచ్చు బొమ్మలు నేటికీ గూళ్లలో నిలబడి ఉన్నాయి. వాటికి ఎవరూ కొత్త చేతులు అతికించలేదు. ఆ హాలు వెలితిగా అనిపించదు.

గానుగ_సున్నం:
ఇద్దరూ కప్పు సంగతే మాట్లాడుతున్నారు. కప్పు పోయాలంటే ఏం కావాలో చూద్దాం.

ముందు గచ్చును పట్టి ఉంచే చెక్క బద్దలు. పగలదీసిన ఓక్ బద్ద, అంగుళం వెడల్పు, బద్దకూ బద్దకూ మధ్య 8 నుంచి 10 మి.మీ. సందు. మొదటి పూతకు కనీసం మూడు నెలలు ఊరిన సున్నం ముద్ద ఒక పాలు, పలుకు ఇసుక మూడు పాళ్లు. సందుల్లోంచి అవతలికి దిగి ముద్ద కొక్కెంలా వంగాలి, కప్పు బరువంతా ఆ కొక్కేల మీదే. సందు ఇరుకైతే ముద్ద దిగదు, వెడల్పైతే జారిపోతుంది. మేక వెంట్రుకలు పూయబోయే ముందే కలపాలి, వారాల తరబడి కలిపి ఉంచితే సున్నం వాటిని తినేస్తుంది. వెంట్రుక లేని కొక్కెం పుటుక్కున విరుగుతుంది, ఆపైన కప్పు పలకలు పలకలుగా ఊడుతుంది. పూత పూతకూ మధ్య ఆరనివ్వాలి, తొందరపడితే నెర్రెలు.

కార్నిస్ దాటిన కాళ్లకు లోపల ఇనుప చువ్వ ఉండాలి. పాత పద్ధతిలో మామూలు ఇనుము పెడితే చెమ్మకు తుప్పు పట్టి ఉబ్బి, గచ్చును లోపలినుంచి చీలుస్తుంది. ఇప్పుడు స్టెయిన్‌లెస్ స్టీల్ పెట్టాలి. ఈ పని చేయగలవాళ్లు ఉన్నారు. కాబట్టి చేయలేం అనే వాదన నిలవదు, చేయాలా అన్నదే ప్రశ్న.

దూలం_వాసం:
గానుగ_సున్నం గారూ, ధన్యవాదాలు. ఇటుక_వరస గారికి నా ప్రశ్న: ఆ లోపలి ఇటుకలు కంటికి కనబడటానికి పేర్చినవే కావు. బద్దల వెనక దాగుతాయని తెలిసి, తక్కువ కాలిన మెత్తటి ఇటుకను మందపాటి సున్నం కీళ్లతో పేర్చారు. గోడల్లో పొదిగిన కట్టు చెక్కలు కాలి పొడవాటి బోలు గాడులు మిగిలాయి. వాటిని నింపితే మీరు చూపించాలనుకున్న ఆనవాలు పోతుంది, వదిలేస్తే బరువు పక్కలకు తన్నుతుంది. మొండిగోడ కూడా మరమ్మతు చేసిన గోడే కదా!

ఇటుక_వరస:
నిజమే, నింపాలి. కానీ నింపినట్టు తెలిసేలా ఒక అర అంగుళం లోపలికి నింపవచ్చు. గచ్చు వెనక ఇన్నాళ్లు దాగిన పొగగొట్టాల మలుపులు, తెరిచి మళ్లీ మూసేసిన ద్వారాల ఆర్చీలు ఇప్పుడు కనిపిస్తున్నాయి. లియోనీ కట్టుబడి నడుస్తుండగా మనసు మార్చుకున్న చోట్లివి. ఏ పటంలోనూ దొరకవు. వాటిమీద బద్దలు కొట్టేస్తే చదవడానికి ఇంకేం మిగలదు.

చెమ్మ_గోడ:
ఏ దారైనా సరే, గోడ ఆరిందా అన్నది ముందు తేలాలి. అగ్నిమాపక గొట్టాల నీళ్లు ఇటుక గుండెలోకి దిగాయి. ఇటుక గోడ మందం అంగుళానికి నెల చొప్పున ఆరుతుందని పాత లెక్క, అది కూడా గాలి రెండువైపులా ఆడితేనే. తడి గోడ మీద బద్దలు కొడితే చెక్కలో చెమ్మ 20 శాతం దాటుతుంది, బూజు పుట్టి రెండు మూడేళ్లలో కొత్త కప్పును తినేస్తుంది. మొండిగా వదిలినా ఉప్పు పైకి తేలి ఇటుక ముఖం రాలుతుంది.

గోడకు గుచ్చి చెమ్మ కొలిచే సూది మీటరు అంకెను మాత్రం నమ్మకండి. ఉప్పు చేరిన ఇటుక ఎండినా తడిగానే చూపిస్తుంది. నెమ్మదిగా, వేడెక్కనివ్వకుండా డ్రిల్లుతో తొలిచి, వేర్వేరు లోతుల నుంచి పొడి తీసి వెంటనే మూత బిగించాలి. తూచి, 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, మళ్లీ తూచాలి. ఎన్ని చోట్ల, ఎన్ని నెలలకోసారి అలా తీశారో ఆ పట్టిక ముందుంటే మీ ఇద్దరి వాదనలో ఏది ముందు పెట్టుకోవాలో అది చెబుతుంది.