వీసా రిజెక్ట్ లెటర్‌లో బెర్లిన్ కోర్టు పేరుంది, ఇదేం కోర్టు?

కూకట్‌పల్లి_అన్న:
మా చెల్లెకి జర్మనీలో ఎంఎస్ సీటొచ్చింది, బ్లాక్డ్ అకౌంట్‌లో (అక్కడి ఖర్చులకి ముందే డబ్బు చూపించే అకౌంట్) డబ్బులు కూడా వేశాం, నిన్న వీసా రిజెక్ట్ అని లెటర్. అంతా జర్మన్‌లోనే. ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ పెట్టి చూస్తే చివరి పేరాలో ‘నెలలోపు బెర్లిన్ ఫెర్వాల్టుంగ్స్‌గెరిష్ట్‌లో దావా వేయవచ్చు’ అని ఉంది. కోర్టు అన్న మాట వినగానే నాన్న కంచం ముందు నుంచి లేచారు. ఆయన లెక్కలో కోర్టంటే భూమి తగాదా, ఇరవై ఏళ్లు. సీనియర్లేమో ముందు అప్పీల్ లెటర్ రాసుకోవచ్చు అంటున్నారు, అది ఇంకా ఉందా? కేసు వేస్తే బ్లాక్‌లిస్టులో పెడతారా? ఇంటేక్ అక్టోబర్‌లో.

బెర్లిన్_బిర్యానీ:
ఆ లెటర్ పద్ధతిని రిమాన్‌స్ట్రేషన్ అనేవాళ్లు, 2025 జులై 1 నుంచి తీసేశారు. ఇక కోర్టు, లేదంటే మళ్లీ అప్లై చేయడం. బ్లాక్‌లిస్టు ఏమీ లేదు, నాన్నగారిని భోంచేయమను. ఫెర్వాల్టుంగ్స్‌గెరిష్ట్ అంటే పరిపాలన కోర్టు, దొంగల్ని, హంతకుల్ని విచారించే కోర్టు కాదు. ప్రభుత్వం ఇచ్చిన ఆర్డర్ చట్టప్రకారం ఉందా లేదా చూడటానికే పెట్టింది, ఇళ్ల పర్మిషన్లు, పోలీసు ఆంక్షలు, వీసాలు అన్నీ అక్కడికే. ఇలాంటివి జర్మనీలో 50కి పైగా ఉన్నాయి. వీసా కేసు ఏ ఊరిదైనా బెర్లిన్‌కే ఎందుకంటే దావా విదేశాంగ శాఖ మీద, ఆ శాఖ ఉండేది అక్కడ.

హియరింగ్‌కి ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. మొవాబిట్‌లో కిర్ష్‌ష్ట్రాసె 7, నేనొకసారి ఫ్రెండ్ కోసం వెళ్లా. సినిమా కోర్టు ఊహించుకుని వెళ్తే ఆఫీసు మీటింగ్ రూంలా ఉంది. ముందు జడ్జిగారే ఫైల్లో ఏముందో చెప్పారు, తర్వాత మావాడు చెప్పినదాన్ని తన మాటల్లో చిన్న రికార్డర్‌లోకి డిక్టేట్ చేసుకుంటూ పోయారు, మధ్యమధ్యలో ‘ఇంతేగా నువ్వన్నది’ అని అడుగుతూ. నిజానిజాలు తవ్వాల్సిన బాధ్యత కోర్టుదే, ఇరుపక్షాలు తెచ్చింది చూసి ఊరుకోకూడదు. మొదటి కోర్టులో లాయర్ తప్పనిసరి కాదు. లెక్కప్రకారం ముగ్గురు జడ్జిలతో పాటు ఇద్దరు మామూలు పౌరులు కూర్చుంటారు, వాళ్ల ఓటుకీ అంతే విలువ, కానీ చాలా కేసులు ఒక్క జడ్జికే అప్పజెప్పేస్తారు.

రిట్_రాజు:
ఇది నీ ప్రశ్నకి జవాబు కాదు, కానీ చెప్పకుండా ఉండలేను. ఈ రకం కోర్టు మొదట 1863 నాటి చట్టంతో అప్పటి జర్మన్ రాజ్యం బాడెన్‌లో వచ్చింది, ఇంకో జర్మన్ రాజ్యం ప్రష్యాలో పై కోర్టు 1875లో. 1882లో ఆ ప్రష్యా కోర్టు ఇచ్చిన తీర్పు ఇప్పటికీ లా స్టూడెంట్లు చదువుతారు. బెర్లిన్‌లో క్రోయిట్స్‌బెర్గ్ గుట్ట మీద యుద్ధ స్మారకం ఉంది, అది కనిపించాలని చుట్టుపక్కల ఇళ్ల ఎత్తుకి పోలీసులు హద్దు పెట్టారు. ఒకాయనకి పర్మిషన్ ఇవ్వలేదు. కోర్టేమో ‘పోలీసుల పని ప్రమాదాలు ఆపడం, అందం కాపాడటం కాదు’ అని ఆ రూల్ కొట్టేసింది. చార్మినార్‌కి అడ్డమని ఎస్సై వచ్చి నీ మూడో అంతస్తు ఆపినట్టు అనుకో.

అలాంటి కోర్టునే నాజీలు 1936లో పక్కన పెట్టారు, గెస్టపో (వాళ్ల రహస్య పోలీసులు) ఆర్డర్ల జోలికి రావద్దని చట్టంలోనే రాసేశారు. ఇప్పుడు నడుస్తున్న పద్ధతి 1960 చట్టానిది. మీ కేసు అప్పీల్‌కి వెళ్తే (దానికి ముందు అనుమతి కావాలి, లాయర్ కూడా) చేరేది ఆ ప్రష్యా కోర్టు కోసం కట్టిన హార్డెన్‌బెర్గ్‌ష్ట్రాసె బిల్డింగ్‌కే. మన దగ్గర ఇలా వేరే కోర్టు లేదు, మున్సిపల్ నోటీసొచ్చినా రాజ్యాంగం 226 ఆర్టికల్ కింద రిట్ పట్టుకుని హైకోర్టుకి పరిగెత్తడమే.

అల్వాల్_ఆంటీ:
చరిత్ర బాగుంది బాబూ, పిల్లకి అక్టోబర్‌లో క్లాసులు. దావా జర్మన్‌లో రాయాలి, నెల తిరిగేలోపు పోస్ట్ చేయడం కాదు, కోర్టుకి అందాలి, మామూలు ఈమెయిల్ చెల్లదు. ఫీజు సుమారు 500 యూరోలు, మధ్యలో విరమించుకుంటే మూడో వంతు. అక్కడ కాగితాలు అందుకునే మనిషి పేరు ఇవ్వమని కూడా అడగొచ్చు. ఒక్క లాభం, కేసు వేస్తే ఫైల్ చూడనిస్తారు, అసలు అనుమానం ఎక్కడో తెలుస్తుంది. అయినా ఇంటేక్‌లోపు తేలుతుందని నేననుకోను. కారణం ఏం రాశారో చూసి కొత్తగా అప్లై చేయండి.

కూకట్‌పల్లి_అన్న:
థ్యాంక్స్ ఆంటీ. చదువు ఉద్దేశం మీద నమ్మకం కుదరలేదట. బీటెక్ మెకానికల్, ఎంఎస్ డేటా సైన్స్. ఎస్‌ఓపీ (ఈ కోర్సు ఎందుకో చెప్పే లెటర్) ఇప్పుడు చదివితే మెకానికల్ నుంచి ఎందుకు మారిందో ఒక్క లైన్ లేదు, డబ్బులిచ్చి రాయించాం. కొత్తది చెల్లెనే రాస్తోంది. నాన్న పక్కన కూర్చుని ‘జడ్జి ఫోన్ చేస్తే జర్మన్‌లో ఎవరు మాట్లాడతారు’ అంటున్నారు.