అప్‌డేట్: పీహెచ్‌సీ డాక్టర్లకు ఏ ప్రశ్నావళి అని అడిగాను కదా

పీహెచ్‌సీ డాక్టర్లు తాము పనిచేసే చోటి వాతావరణాన్ని ఎలా చూస్తున్నారో కొలవాలి, ఏ ప్రశ్నావళి మంచిదని నా థీసిస్ కోసం అడిగాను. ఆండర్సన్, వెస్ట్‌ల టీమ్ క్లైమేట్ ఇన్వెంటరీ (టీమ్‌లోని వాతావరణాన్ని కొలిచే ప్రశ్నావళి) చూడమన్నవారికి చాలా థాంక్స్. అసలు దానిలో 38 ప్రశ్నలు. ఓపీ రద్దీలో అంత తీరిక ఎవరికుంటుంది? 14 ప్రశ్నల చిన్న రూపం తీసుకున్నాను.

తెలుగులో రాసి ఆరుగురితో నింపించి చూశాను. మొదటి ప్రశ్న దగ్గరే ఆగారు: "టీమ్ అంటే ఎవరండీ?" న్యాయమైన ప్రశ్న. ఏపీలో 2023లో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ విధానంలో ఇద్దరు డాక్టర్లలో ఒకరు పీహెచ్‌సీలో ఉంటే ఇంకొకరు 104 వాహనంతో ఊళ్లకు వెళ్లాలి. అక్కడ టీమ్ అంటే ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలు. అందుకే రెండు చోట్లకూ విడివిడిగా అడుగుతున్నాను.

అసలు టెన్షన్ వేరే. పీహెచ్‌సీకి ఉండేది ఇద్దరే కాబట్టి, పీహెచ్‌సీ పేరు రాస్తే మనిషి పేరు రాసినట్టే. పైఅధికారి ద్వారా పంపిన ఫారాలన్నిటిలో ఐదుకి ఐదు మార్కులే! ఊరి పేరు తీసేసి, అంటించిన కవర్లలో నేనే తీసుకున్నాక మార్కులు తగ్గాయి. కొత్త ఆలోచనలకు మద్దతు గురించిన ప్రశ్నల్లో మరీ తగ్గాయి, చూసి బాధేసింది.

అసలు సర్వే వచ్చే నెల.