పాత సీడీ ప్లేయర్‌కు లేజర్ యూనిట్ మార్చించడం సమంజసమేనా?

నా సీడీ ప్లేయర్ సుమారు 20 ఏళ్ల నాటిది. డిస్క్ పెట్టగానే పాటల సంఖ్య, నిడివి సరిగానే చూపిస్తుంది, మొదటి పాటలు ఏ లోపమూ లేకుండా వినిపిస్తాయి. కానీ 40 నిమిషాలు దాటాక, అంటే డిస్క్‌ను చదివే లేజర్ దాని లోపలి భాగం నుంచి వెలుపలి అంచు వైపు జరిగే కొద్దీ, పాట మధ్యమధ్యలో దాటిపోతూ చివరికి ఒకేచోట ఆగిపోతుంది. కంప్యూటర్‌లో రికార్డు చేసిన సీడీ-ఆర్ డిస్కులనైతే అసలు గుర్తించడమే లేదు.

ఇవే డిస్కులు వేరే ప్లేయర్‌లో చక్కగా పనిచేస్తున్నాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో లెన్స్ తుడిచాను, లేజర్ జరిగే కడ్డీ మీద గట్టిపడిన గ్రీజు తీసి కొత్తది పూశాను. కొన్నాళ్లు మెరుగనిపించి మళ్లీ అదే స్థితికి వచ్చింది. డిస్క్ మొదట్లో నిమిషానికి దాదాపు 500 సార్లు, చివర్లో దాదాపు 200 సార్లు తిరుగుతుంది. ఎక్కువ వేగం అవసరమైన చోటే బాగా పలుకుతోంది కనుక, తిప్పే మోటారు మీద నాకు అనుమానం తక్కువ. సీడీ-ఆర్ డిస్కులు కాంతిని తక్కువగా ప్రతిఫలిస్తాయి కాబట్టి లేజరే బలహీనపడిందేమో అనిపిస్తోంది. దాని శక్తిని సరిచేసే చిన్న స్క్రూను మాత్రం, ఎక్కువ తిప్పితే లేజర్ పూర్తిగా పాడవుతుందని, ముట్టుకోలేదు.

ఈ ప్లేయర్ ధ్వని నాకు ఎంతో ఇష్టం. ఈ లక్షణాలను బట్టి లేజర్ యూనిట్‌ను మార్చిస్తే ఫలితం ఉంటుందా, లేక దీన్ని వదిలి మరొకటి కొనుక్కోవడమే మేలా?