గ్రీకు ‘ఎలెక్ట్రోన్’ అంటే మన గుగ్గిలమేనా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
పిల్లలకు కరెంటు పాఠం మొదలెట్టాలి. పుస్తకాలు ‘ఎలెక్ట్రోన్ అంటే గ్రీకులో ఆంబర్’ అని ఒక్క ముక్క చెప్పి వదిలేస్తున్నాయి. ఆ మాటకి అసలు అర్థం ఏమిటి? ఆంబర్ బదులు సంతలో దొరికే గుగ్గిలం రుద్ది చూపించొచ్చా? ఆంబర్ అని అమ్మే పసుపు పూసల్ని నమ్మొచ్చా?

వంశధార (గుణుపురం):
గ్రీకులు రెండిటికి ఆ పేరు వాడారు: శిలాజంగా మారిన చెట్టు బంకకి (అదే ఆంబర్), బంగారం వెండి కలిసిన లోహానికి. హోమర్ కావ్యం ఒడిస్సీ 15వ సర్గలో ఫినీషియా వర్తకుడి బంగారు హారం దగ్గర మాట బహువచనంలో ఉంది, అంటే పూసలు, ఆంబరే. సోఫోక్లిస్ నాటకం ‘యాంటిగొనీ’లో ‘సార్దిస్ ఎలెక్ట్రోన్’ మాత్రం లోహం. సార్దిస్ ఇప్పటి టర్కీలో ఉండిన పాత లిడియా రాజ్యపు రాజధాని, అక్కడి తొలి నాణేలు ఆ లోహానివే.

పుట్టుక సంగతికొస్తే, హోమర్ మరో కావ్యం ఇలియడ్‌లో సూర్యుణ్ణి ‘ఎలెక్టోర్’ అంటారు, ధగధగలాడేవాడని. ఈ మాటని దానికి చుట్టంగా చెబుతారు. కాబట్టి పేరు మెరుపుని బట్టి వచ్చింది, రుద్దితే గడ్డిపోచల్ని లాగే గుణాన్ని బట్టి కాదు. గడ్డిని లాగడం పేరులోనే ఉన్నవి ఆంబర్‌కి సంస్కృతంలో ఉన్న తృణమణి, పారశీకుల కహ్రుబా. గ్రీకు మాటకి ఆకర్షణ అంటగట్టింది ఇంగ్లండ్ వైద్యుడు గిల్బర్ట్. 1600లో, రుద్దితే ఆంబర్‌లా లాగే వస్తువులన్నిటికీ లాటిన్‌లో ‘ఎలెక్ట్రికా’ అన్నాడు. 1891లో ఐర్లండ్ శాస్త్రవేత్త స్టోనీ విద్యుదావేశపు కనీస పరిమాణానికి ఎలక్ట్రాన్ అని పెట్టాడు. కణం బయటపడింది ఆ తర్వాతే.

రాయగడ బెంచి:
గుగ్గిలం నిక్షేపంగా పనికొస్తుంది మాస్టారూ. 1733లో ఫ్రెంచి శాస్త్రవేత్త డ్యూఫే విద్యుత్తుని గాజు రకం, బంక రకం అని విడదీసినప్పుడు ఇలాంటి చెట్టు బంకలన్నీ రెండో వర్గంలో పడ్డాయి. మహిసాక్షి గుగ్గిలం మాత్రం తేకండి, అది వేరే రకం, జిగట.

నిమ్మకాయంత గట్టి ముక్క ఎంచి, పొడి కాగితంతో పట్టుకుని, ఉన్ని గుడ్డతో ఇరవై ముప్పైసార్లు తేలిగ్గా రుద్దండి. గట్టిగా నొక్కితే పొడి రాలుతుంది. వెంటనే సెంటీమీటరు దూరంలో ఊక పెట్టండి. వానాకాలంలో ఈ ప్రయోగం పెట్టుకోకపోవడమే మేలు. ముక్క మీద తేమ పొర పట్టి ఆవేశం కారిపోతుంది. తప్పదంటే గుడ్డని ముందు ఎండలో పావుగంట ఆరేయండి.

మహేంద్రతనయ:
మరి పూసలు?

రాయగడ బెంచి:
రుద్ది లాగిస్తే తేలదు, ప్లాస్టిక్ దువ్వెనా లాగుతుంది. పావు లీటరు నీళ్లలో 45 గ్రాముల ఉప్పు పూర్తిగా కరిగించి పూసల్ని అందులో వేయండి. దారం, లోహపు కొక్కెం తీసేయాలి, లేకపోతే అసలుదీ మునుగుతుంది. గాజు, బేకలైట్ (పాతకాలపు గట్టి ప్లాస్టిక్) అడుక్కి పోతాయి. ఆంబర్ తేలుతుంది. చిక్కేమిటంటే ఇంకా శిలాజం కాని లేత బంక, కొన్ని ప్లాస్టిక్‌లు కూడా తేలుతాయి. తేలినవాటికి రంధ్రం పక్కన అసిటోన్ (గోళ్ల రంగు చెరిపే ద్రవాల్లో వాడే ద్రావకం) చుక్క వేసి అర నిమిషం ఆగి వేలితో తాకండి. అంటుకుంటే ఆంబర్ కాదు. అంటుకోనంత మాత్రాన అసలుదే అనకండి, అసిటోన్‌కి లొంగని ప్లాస్టిక్‌లూ ఉన్నాయి.

వంశధార:
షాపువాడు ‘అంబరు’ అంటే అసలు ఏ సరుకో కూడా అడగండి. అరబీ ‘అన్బర్’ మొదట తిమింగలం కడుపులో పుట్టే సుగంధ ద్రవ్యం పేరు.